కారిన్ పేరు పక్కన ఎర్రదీపం

కిందటి వారం ఈ కథను, మా కారిన్ సభలో తన బల్ల మీద తల వాల్చేసిన చోట ఆపాను. ఆమె మోచేతి కింద ఒక కార్డు ఉంది. మా నార్డ్‌బీలో ప్రతి ఇంటి పోస్టు డబ్బాలోనూ పడిన కార్డే అది. ఒకవైపు కారిన్ ఫొటో, నలుపు తెలుపుల్లో, ఏదో దొంగతనంలో పట్టుబడ్డ మనిషిలా. రెండోవైపు ఇంత లావున ఒకే ఒక్క అక్షరం, ఎఫ్. దాని కింద, "మన ఊరి కాన్పుల వార్డును మూసేయమని ఓటేసిన మనిషి."

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను, మిగతావాళ్లు ఓపిక పట్టండి. కారిన్ ట్వైట్ నా తమ్ముడి భార్య. సగం జీవితం నార్డ్‌బీ ఆసుపత్రి కాన్పుల గదిలో నర్సుగా గడిపింది. మా ఊళ్లో ఇప్పుడు మీసాలొచ్చిన కుర్రాళ్లలో సగం మందిని ముందు ఎత్తుకున్నది తనే. ఇప్పుడు ఐయోవా రాష్ట్ర శాసనసభలో సభ్యురాలు. నా పేరు ఆర్లిస్, నేను ఆమె గుమాస్తాని. మా సభలో మామూలు సభ్యులకు విడిగా గదులుండవు. సభలో కూర్చునే బల్లే ఆఫీసు, పక్కన వేసిన కుర్చీ గుమాస్తాది. పొద్దస్తమానం భుజం భుజం రాసుకుంటూ కూర్చోవాలి కాబట్టి మొగుణ్నో పెళ్లాన్నో ఆడబిడ్డనో తెచ్చుకున్నవాళ్లు మాలో చాలామంది.

చిన్న ఊళ్లలో కాన్పుల వార్డులు మూతపడకుండా ప్రభుత్వం ఆదుకోవాలని కారిన్ ఒక బిల్లు తెచ్చింది. పల్లె ఆసుపత్రుల సమాఖ్య దానికి మద్దతు ప్రకటించింది. వాళ్ల తరఫున మా సభ చుట్టూ తిరిగే కర్టిస్ మాకు పరాయివాడు కాడు. కారిన్ మొదటిసారి పోటీ చేసినప్పుడు ఊరంతా తిరిగి ప్రచారం బోర్డులు పాతినవాడు. నేను కాల్చిన ఆలుగడ్డ రొట్టెలు నా వంటింట్లో నిలబడి వేడివేడిగా లాక్కుని తిన్నవాడు. ఓటింగ్ రోజున బిల్లు ఇద్దరు సభ్యుల తేడాతో వెనకబడింది. తలుపు దగ్గరి కాపలాదారు కర్టిస్ రాసిన చీటీ తెచ్చి కారిన్ చేతిలో పెట్టాడు. "ఇద్దరు తక్కువ. మార్చెయ్. రేపు తెస్తాను."

ఇక్కడ మా సభ పద్ధతి ఒకటి చెప్పకపోతే ఏమీ అర్థం కాదు. ఓడిన బిల్లును మళ్లీ ఓటుకు పెట్టమని అడిగే హక్కు గెలిచినవైపు ఓటేసినవాళ్లకే ఉంటుంది. అందుకని బిల్లు పోయేలా ఉందనగానే, దాన్ని తెచ్చిన మనిషే ఆఖరి క్షణంలో ఓట్ల బోర్డు మీద తన పేరు పక్కన అవునన్న పచ్చదీపం ఆర్పి కాదన్న ఎర్రది వెలిగిస్తుంది. అలా అయితేనే మర్నాడు పునర్విచారణ తీర్మానం పెట్టగలదు. ఇది మాకందరికీ తెలిసిన ఎత్తు. కారిన్ ఎర్రదీపం నొక్కింది, తీర్మానం పెట్టింది. రెండు వారాలుగా అది జాబితాలో వేలాడుతూ ఉంది. ఈలోపల సమాఖ్య ఏటా సభ్యులకిచ్చే మార్కుల్లో కారిన్‌కు ఎఫ్, అంటే ఫెయిల్, ఇచ్చి ఊరంతా కార్డులు పంచింది. జూన్‌లో మా పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక. ఆమె మీద పోటీ చేస్తున్న కొత్తాయనకు ఎ.

ఎక్కడో కంప్యూటర్ తప్పు అయ్యుంటుందని నేను, పొరపాటున వేరేవాళ్ల మార్కు తనకు పడిందని కారిన్, ఒకరినొకరు ఓదార్చుకుంటూనే ఉన్నాం. వెండెల్ వచ్చేదాకా.

వెండెల్ దక్షిణాది జిల్లాల సభ్యుడు, పందుల రైతు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. ఆ పొద్దున నేను తెచ్చిన వేరుశనగ చాక్లెట్ బిళ్లల డబ్బాలోంచి అడక్కుండానే ఒకటి తీసుకుని, కారిన్ బల్ల అంచున కూర్చున్నాడు.

"ఏం కారిన్, ఇవాళ నీ తీర్మానం పిలుస్తారటగా. మళ్లీ మధ్యలో వదిలేస్తావా, ఈసారైనా పట్టుకుంటావా?"

"నేనెక్కడ వదిలేశాను?" అంది కారిన్, తలెత్తకుండానే.

"అదేంటి, నువ్వే బిల్లు వదిలేశావని కర్టిస్ చెప్పాడుగా. నేనూ నా పక్క సీటు డ్వేనూ లోపలికి వస్తుంటే గుమ్మటం కింద ఆపాడు. ఆమే చేతులెత్తేసింది, మీరు పోయి దాని మీద ఓటేస్తే మీ ఊళ్లో మాటలు పడటం తప్ప లాభం లేదు అన్నాడు. సరే అని అక్కడే కాఫీ తాగుతూ నిలబడ్డాం. బోర్డు చూస్తే నిజంగానే నీ పేరు పక్కన ఎర్రగా ఉంది. ఇక అనుమానమేముంది?"

కారిన్ నెమ్మదిగా తలెత్తింది.

"మీరిద్దరూ లోపలికొస్తే ఎటు వేసేవాళ్లు, వెండెల్?"

"అదేం ప్రశ్న? మా ఊరి వార్డు కూడా మూస్తున్నారుగా. పచ్చదే నొక్కేవాళ్లం." అప్పుడు ఆయన నమలడం ఆపేశాడు. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "ఓరి దేవుడా! అంటే నువ్వు వదల్లేదా?"

తక్కువైన ఇద్దరూ వీళ్లే. వాళ్లను బయట ఆపి, ఇద్దరు తక్కువని లోపలికి చీటీ పంపాడు కర్టిస్.

నేను కోపిష్టిదాన్ని, అది ఊరందరికీ తెలుసు. కానీ ఆ క్షణాన నాకు కోపం కూడా రాలేదు. ఎవరో పరాయివాడు చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇంట్లో మనిషి చేస్తే ఏమనాలో కూడా తోచదు. కారిన్ లేచి స్వెట్టరు సరిచేసుకుంది.

"వెండెల్, ఈసారి మాత్రం కుర్చీలోంచి కదలొద్దు."

"కుర్చీకి జిగురు రాసుకుని కూర్చుంటా. డ్వేన్‌ని కట్టేసి తెస్తా," అన్నాడు పాపం, చేతిలో మిగిలిన బిళ్లను డబ్బాలో పెట్టేస్తూ.

సభ బయట గుమ్మటం కింద ఇత్తడి కడ్డీ ఉంటుంది. దానికి ఆనుకుని వరసగా నిలబడతారు కర్టిస్ లాంటివాళ్లు. విత్తనాలవాళ్లు, బ్యాంకులవాళ్లు, టీచర్లవాళ్లు, బీమావాళ్లు. లోపలికి వచ్చే హక్కు లేదు కాబట్టి చీటీలు పంపి పిలిపించుకుంటారు. కారిన్ చీటీ లేకుండానే బయటికి రావడం చూసి కర్టిస్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రా అక్కా, నేనే కబురు పంపుదామనుకుంటున్నా. ఆర్లిస్ అక్కా, ఇవాళ డబ్బా తేలేదా?"

"నీకు పెట్టడానికి విషం దొరకలేదు," అన్నాను.

అతని నవ్వు సగంలో ఆగింది. కారిన్ నన్ను చేత్తో వారించి అడిగింది. గొంతు పెంచలేదు, దానికే నాకు భయమేసింది.

"ఆ రోజు వెండెల్‌ని ఎందుకు ఆపావు?"

"ఏ రోజు?"

"వేషాలెయ్యకు, కర్టిస్. నిన్ను నేను ఎరుగుదును."

అతను అటూ ఇటూ చూసి మమ్మల్ని స్తంభం చాటుకు తీసుకెళ్లాడు. అబద్ధం చెప్తాడనుకున్నాను. చెప్పినా బాగుండేది. అదీ చెయ్యలేదు.

"అక్కా, నేను జీతగాణ్ని. పోయిన ఏడు సమాఖ్యలో ఒక పెద్ద ఆసుపత్రి కంపెనీ చేరింది. ఇప్పుడు మాకొచ్చే చందాల్లో పెద్ద వాటా వాళ్లదే. మేం అభ్యర్థులకిచ్చే విరాళాలూ వాళ్ల జేబులోంచే. చిన్న ఊళ్లలో వార్డులు ఉంటే వాళ్లకు గిట్టుబాటు కాదు. కాన్పులన్నీ వాళ్ల పెద్ద ఆసుపత్రికే రావాలి."

"మరి నా బిల్లుకు మద్దతని చెప్పి పేపర్లో వేయించారే?"

"వెయ్యకపోతే ఊళ్లవాళ్లు ఊరుకుంటారా? మద్దతిస్తాం. బిల్లు పోతుంది. పోగొట్టినవాళ్లకు ఎఫ్ ఇస్తాం. ఊళ్లవాళ్లకు మా మీద గురి, కంపెనీకి పని అయిపోయినట్టు."

"పోగొట్టింది నేనా?" అంది కారిన్. "నేనారా, కర్టిస్? బిల్లు తెచ్చిందాన్ని, నేను పోగొట్టానా?"

"బోర్డు మీద నీ పేరు పక్కన ఎర్రదీపం ఉందా లేదా అక్కా?"

"నువ్వేగా మార్చమన్నావు! నీ చీటీ నా చేతుల్తో నేనే బుట్టలో పారేశాను!" అని అరిచాను. బీమావాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూడనీ.

"జనం బోర్డు చూస్తారు, ఆర్లిస్ అక్కా. ఎందుకు నొక్కారో, ఏ రూలు కింద నొక్కారో చెప్పబోతే రెండో వాక్యానికే తలుపేసుకుంటారు. నీకు నార్డ్‌బీ తెలీదా?"

తెలుసు. నేనే ఈ సభకు రాకముందు ఎవరైనా వచ్చి, బిల్లును బతికించడానికే దానికి వ్యతిరేకంగా ఓటేశాను అని చెబితే, చెవిలో పూలు పెట్టకు నాయనా అని పంపించేసేదాన్ని.

"నిన్ను తమ్ముడనుకున్నాను," అంది కారిన్. "మీ అమ్మ పోయినప్పుడు మా ఇంట్లోనే ఉన్నావు. నా మంచం నీకిచ్చి నేను సోఫా మీద పడుకున్నాను. మోసం చెయ్యడానికి నీకు నేనే దొరికానా?"

"నువ్వైతేనే నా మాట నమ్మి మారుస్తావు. ఇంకెవరూ మార్చరు." ఆ మాట అన్నాక అతను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అనకూడనిది అన్నానని అతనికే తెలిసింది. అయినా మళ్లీ పనిలోకి దిగాడు. "చూడక్కా, ఇంకా చేయిదాటిపోలేదు. మధ్యాహ్నం స్పీకర్ నీ తీర్మానం పిలుస్తాడు. పైకి తెస్తే బిల్లు నెగ్గుతుందని నాకూ తెలుసు. తేవద్దు. వెనక్కి తీసేసుకో. లెక్కలో పొరపాటు జరిగిందని సమాఖ్య ప్రకటిస్తుంది. నీ ఎఫ్ ఎ అవుతుంది. కొత్త కార్డులు వెళ్తాయి. జూన్‌లో నీ సీటుకు ఢోకా ఉండదు. టీవీ ప్రకటన కూడా ఆగిపోతుంది."

"టీవీ ప్రకటనేంటి?"

అతను ఫోను తీశాడు. తీసి, నావైపు చూసి, తటపటాయించాడు. "ఆర్లిస్ అక్కా, నువ్వు చూడకపోవడమే మంచిది."

అలా అన్నాక చూడకుండా ఎవరుంటారు? ఫోను లాక్కున్నాను.

మా నార్డ్‌బీ ఆసుపత్రి ముందు ఒక గర్భిణి నిలబడి ఉంది. గాలికి జుట్టు ముఖం మీద పడుతోంది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కెమెరాలోకి చూస్తూ చెబుతోంది: "నా మొదటి బిడ్డను ఈ ఆసుపత్రిలో చేతుల్లోకి తీసుకున్నది కారిన్ ట్వైట్. ఆమె నాకు స్వయానా అత్త. రెండో కాన్పుకూ పక్కనే ఉంటానని మాటిచ్చింది. సభకెళ్లి వార్డు వద్దని ఓటేసింది. సొంత మేనకోడలి గురించే ఆలోచించని మనిషి, మీ గురించి ఆలోచిస్తుందా?"

మారిట్. నా కూతురు మారిట్.

మూడో నెలలో అది వాంతులతో మంచం దిగలేనప్పుడు నేను ఇక్కడినుంచి ఫోన్లో ఏడిస్తే, కారిన్ శుక్రవారం సాయంత్రం కారు తీసి మంచులో పడి నార్డ్‌బీ వెళ్లి దానికి సూపు కాచి పెట్టొచ్చింది. ఆ పిల్ల! ఆ మాటలు!

"నా ఇంటికెళ్లావా?" అన్నాను కర్టిస్‌తో. "నేను లేకుండా చూసి, నా పిల్ల దగ్గరికి కెమెరా పట్టుకుని వెళ్లావా?"

"ఎవరూ బలవంతపెట్టలేదక్కా. ఓట్ల వివరం చూపించాను, అంతే. పైసా తీసుకోలేదు. తనే మాట్లాడతానంది."

చెంప మీద కొట్టాలని చెయ్యెత్తాను. కారిన్ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. ఇన్నేళ్లలో ఆమె అంత గట్టిగా నన్ను పట్టుకున్నది లేదు.

బల్ల దగ్గరికి వచ్చాక కారిన్ కూర్చుని కిటికీవైపు తిరిగింది. బయట ఏప్రిల్ వాన పడుతోంది. నేను వెనక బెంచీల దగ్గరికి వెళ్లి మారిట్‌కు ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది, నా ఫోను కోసమే చూస్తున్నట్టు.

"ఏంటే ఆ పని? నీకు సిగ్గులేదూ? అత్తయ్య గురించి అలా మాట్లాడ్డానికి నోరెలా వచ్చిందే?"

"చూశావా? సరే." దాని గొంతు బొంగురుగా ఉంది, అప్పటికే ఏడ్చినట్టుంది. "నీకు ముందే చెప్దామనుకున్నానమ్మా. చెప్తే నువ్వు నన్ను మాట్లాడనిచ్చేదానివి కాదు."

"అదంతా కర్టిస్ ఆడిన నాటకమే! అత్తయ్య బిల్లును కాపాడ్డానికే అలా..."

"అమ్మా, ఒక్కటి చెప్పు. అత్తయ్య కాదని ఓటేసిందా లేదా?"

"వేసింది, కానీ అది..."

"వేసిందిగా."

"పూర్తిగా వినవే! ఇక్కడ ఒక పద్ధతి ఉంది. గెలిచినవైపు ఉంటేనే మళ్లీ అడగడానికి..."

"మొన్న నొప్పులొచ్చినట్టనిపిస్తే అర్ధగంటసేపు రోడ్డు పక్కన కారాపుకుని కూర్చున్నానమ్మా. అవి నిజం నొప్పులు కావు, బతికిపోయాను. జూలైలో వార్డు మూసేస్తారు. నాకు నెలలు నిండేది అప్పుడే. మీ పద్ధతులు మీరు చూసుకోండి. నాకు తలుపు తెరిచి ఉండాలి, అంతే."

"నీకు ఆ బోర్డు ముఖ్యమా, అత్తయ్య ముఖ్యమా? చిన్నప్పటినుంచీ చూస్తున్నావు కదే ఆమెని! మనిషిని నమ్మవే! ఆ దీపాన్ని కాదు, మనిషిని నమ్ము!"

మారిట్ ఫోను పెట్టేసింది.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాను. కారిన్ అడిగింది, "ఏమంది?"

దాచాలనుకున్నాను. చేతకాలేదు. "నువ్వు కాదని ఓటేశావా లేదా అని అడిగింది."

"అడగాల్సిందే అడిగింది," అంది కారిన్. నా కూతురి తరఫున క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను, అంతలో గంట మోగింది.

సభ్యులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. వెండెల్ చెప్పినట్టే డ్వేన్‌ని భుజం మీద చెయ్యేసి మరీ తెచ్చాడు. ఇద్దరూ బటన్ దగ్గర వేళ్లు పెట్టుకుని మావైపు చూసి తలలూపారు. నా గుండె కాస్త కుదుటపడింది. ఆ కర్టిస్ ఏం చేసినా, ఏ ప్రకటన వేసినా, ఇంకో పావుగంటలో బిల్లు నెగ్గుతుంది. వార్డు ఉంటుంది. మారిట్ ఆ తలుపులోంచే లోపలికి వెళ్తుంది, వెళ్లాక సిగ్గుపడుతుంది. సీటు పోతే పోనీ, కారిన్‌కు సీటు ఎప్పుడు కావాల్సొచ్చింది గనక! ఇలా అనుకుంటూ పైకి చూస్తే, సందర్శకుల గ్యాలరీలో ముందు వరసలో కర్టిస్ కూర్చుని ఉన్నాడు.

"పునర్విచారణ తీర్మానం," అన్నాడు స్పీకర్, కళ్లద్దాలు సవరించుకుంటూ. "తీర్మానం పెట్టిన నార్డ్‌బీ సభ్యురాలు మాట్లాడవచ్చు."

కారిన్ లేచింది. మైకు పైకి వంచుకుంది. వెండెల్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

"స్పీకర్ గారూ, ఆ తీర్మానాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను."

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను. వెండెల్‌కూ అలాగే అనిపించినట్టుంది, డ్వేన్‌ని ఏదో అడిగాడు. డ్వేన్ భుజాలెగరేశాడు. స్పీకర్ కూడా ఒక క్షణం ఆగి, "సభ్యురాలు తీర్మానాన్ని ఉపసంహరించుకుంటున్నారా?" అని మళ్లీ అడిగాడు.

"అవును, స్పీకర్ గారూ."

సుత్తి దెబ్బ పడింది. అంతే. బిల్లు చచ్చిపోయింది. వెండెల్ ముఖం ఎర్రబడింది. బటన్ మీదనుంచి చెయ్యి తీసి, బల్ల మీది కాగితాలు నెట్టేసి, మావైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. పైన గ్యాలరీలో కర్టిస్ అప్పుడే లేచి కోటు తొడుక్కుంటున్నాడు.

నేను కారిన్ ముఖంలోకి చూశాను. ఏదో ఒకటి కనబడుతుందని, కన్నీళ్లో, భయమో, కనీసం సిగ్గో. ఏమీ కనబడలేదు. మైకు కిందికి వంచి, కూర్చుని, కలం మూత పెట్టుకుంది. ఇప్పుడే ఫోన్లో నా కూతురి మీద అరిచిన అరుపులు నా చెవుల్లోనే మోగుతున్నాయి. మనిషిని నమ్మవే, మనిషిని నమ్ము. సీటు కోసమా? ఇంత చేసి, ఇంతా విని, ఆ దరిద్రపు ఎ కోసమా?

కోటు తీసుకుని లేచాను.

"కూర్చో వదినా," అంది కారిన్, పెదవులు కదలకుండా, నా మణికట్టు పట్టుకుని. "ఇంకా అయిపోలేదు. నన్ను నమ్ము."

ఆ చెయ్యి విదిలించుకుని బయటికి నడిచాను. మిగతాది వచ్చే వారం.